సంచిలో గానుగల వీధి

మునిసిపాలిటీ పాతసామాన్ల వేలంలో నూకరత్నం కొన్న వాక్యూమ్ క్లీనరు సంచిలో గానుగల వీధి దొరికింది, ఇళ్లూ మనుషులతో సహా.

పాత వాక్యూమ్ క్లీనర్లు సేకరించేవాళ్లకు సంచుల్లో ఏదో ఒకటి దొరకడం మామూలే. నూకరత్నానికే ఇదివరకు ఒక దొరల బంగళాలో వాడిన యంత్రంలో ముత్యపు బొత్తాం, ఆఫీసర్ల క్లబ్బులో వాడినదాంట్లో చదరంగం గుర్రం దొరికాయి. వీధి దొరకడం మాత్రం ఇదే మొదలు.

రేవుపాలెంలో ఆమెకు ఇంటి ముందుగదిలో మిక్సీలు బాగుచేసే కొట్టు ఉంది. మిక్సీలు తిండికోసం, వెనకగదిలో ఉన్నవి ప్రాణం. ఇనుప బిందెలంత బరువున్నవి, ఇత్తడి మూతులున్నవి, గుడ్డ సంచులు ఉబ్బించుకునేవి, తుప్పు పట్టి రబ్బరు కుళ్లి ఎక్కడో పడి ఉన్నవి తెచ్చేది. మోటారుకు కొత్త తీగ చుట్టేది, చింతపండుతో ఇత్తడి తోమేది. చచ్చిందనుకున్న యంత్రం మొదటిసారి రొద చేసినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. భర్త సోమరాజు ఎన్నడూ అడ్డు చెప్పలేదు. భోజనాల బల్లమీద మాత్రం వాటిని పెట్టొద్దన్నాడు. పెట్టింది. అప్పట్నుంచి ఆయన నేలమీద కూర్చుని భోంచేస్తున్నాడు, నడుముకి మంచిదంటూ.

వేలంలో కొన్న యంత్రం సంచిని విప్పి, దుమ్ము దులుపుదామని గోడకేసి ఒక్కటి కొట్టింది నూకరత్నం. లోపల్నుంచి ఆడగొంతు వినిపించింది.

"ఎవరమ్మా అదీ? కొంపలు కూల్చేస్తారేంటి?"

తర్వాత ఒక ముసలావిడ చీర దులుపుకుంటూ బయటికొచ్చింది. సంచిలో ఉన్నంతసేపే మనిషి మినప్పప్పు బద్దంత ఉంటాడు. మూతి దాటితే మామూలు మనిషే. ఆవిడ పేరు సింహాద్రమ్మ. గానుగల వీధిలో ఇడ్లీ కొట్టు నడుపుతుంది. సోమరాజు ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ముందుగా ఒక్కటే అడిగింది.

"పెద్దాయన వెళ్లిపోయారా?"

ఎన్నో ఏళ్లకిందట రేవులో ఓడలాగే కొత్త ధక్కా ప్రారంభానికి ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన వచ్చే దారిలో గానుగల వీధి ఉంది. దారి శుభ్రంగా ఉండాలని మునిసిపాలిటీ తీర్మానించి, విదేశాల నుంచి ఈ యంత్రాన్ని తెప్పించింది. ఆఫీసర్లు ఇంటింటికీ వచ్చి, మర్యాదగా, ఒక్క పూట సంచి లోపల ఉండమన్నారు. జనం తలుపులకు తాళాలేసి వెళ్లారు. వాళ్ల వెనకే ఇళ్లూ వెళ్లాయి. ఆ సాయంత్రమే యంత్రం నడిపినాయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయనకు యంత్రాన్ని అప్పజెప్పారు గానీ, అందులో ఏముందో చెప్పలేదు. కాగితాల్లో "వీధిని శుభ్రపరచడమైనది" అని ఉంది. అదీ నిజమే కాబట్టి ఎవరూ విచారించలేదు.

"వెళ్లిపోయారండి," అన్నాడు సోమరాజు. "వెళ్లడమేంటి, పోయారు కూడానండి. సెంటర్లో విగ్రహం ఉంది."

"అయ్యో పాపం," అంది సింహాద్రమ్మ. "మంచాయనంట. మేం చూళ్లేదు."

మర్నాడు ముగ్గురూ ఆటోలో గానుగల వీధి ఉన్నచోటికి వెళ్లారు. అక్కడ షాపింగ్ కాంప్లెక్సు ఉంది. సింహాద్రమ్మ వంటిల్లు ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు వెలిసింది. ఆవిడ చల్లగాలిలో కాసేపు నిలబడితే, షాపు కుర్రాడు ఏ మోడల్ చూపించమంటారని అడిగాడు. పొయ్యి ఎక్కడుండేదో చూస్తున్నానని చెప్పింది. స్టాకులో లేదన్నాడు.

తర్వాత అద్దె ఇళ్లు చూశారు. ఒకాయన మీరేం తింటారని అడిగాడు. ఇంకొకావిడ మీరేమిట్లని కులం ఆరా తీసింది. మూడో ఇంటాయన ఏమీ అడగలేదు, పర్మనెంట్ అడ్రస్ ఒక్కటే చెప్పమన్నాడు. గానుగల వీధి అంది సింహాద్రమ్మ. ఆయన ఫోనులో వెతికి, అలాంటి వీధి లేదన్నాడు, చాలా బాధపడుతూ.

ఇంటికి రాగానే ఆవిడ యంత్రం ముందు నిలబడింది.

"స్విచ్చెయ్యమ్మాయ్, లోపలికి పోతాను."

"అదేంటి పిన్నిగారూ, బయటికి రాకరాక వచ్చారు."

"లోపలైతే ఎవరూ అడగరే."

ఇక్కడ నూకరత్నానికి చిక్కొచ్చిపడింది. పాత యంత్రాల సంఘం వాళ్ల పోటీ దగ్గరపడుతోంది. ఎన్నాళ్లనుంచో దానికోసం ఎదురుచూస్తోంది. పోటీకి పెట్టాలంటే సంచి ఖాళీ చేసి ఉతకాలి. లోపలివాళ్లేమో మేం కదలం అంటున్నారు. సలహా అడగడానికి శానిటరీ ఇన్‌స్పెక్టరు గంగాధరాన్ని పిలిపించింది. ఆయన మంచివాడు. సంచిలోకి తొంగిచూసి, అందరికీ నమస్కారం పెట్టాకే మాట్లాడాడు.

"ఖాళీ చేస్తే కేసవుద్దండి. ఒకసారి ఎత్తేసిన చెత్త మళ్లీ రోడ్డుమీద పొయ్యకూడదు."

"చెత్తేంటండీ, మనుషులు కదా!"

"ఆయ్, నేనూ అదే అంటున్నానండి. కానీ మా కాగితాల్లో మనుషులకి గడి లేదండి."

ఆ రాత్రి నూకరత్నానికి అన్నం సయించలేదు. యంత్రాన్ని అమ్మేద్దామా అనుకుంది. తీరా అమ్మితే కొన్నవాడు సంచి ఎలా దులుపుతాడోనని భయం వేసింది. పొద్దున్న లేచి సూదీ దారం తీసుకుంది. ఎవరినీ కదిలించకుండానే బాగుచేద్దామని నిర్ణయించుకుంది.

అంత హాయిగా ఆమె ఎప్పుడూ పనిచేయలేదు. కుట్లు ఎక్కడ వదులయ్యాయో లోపలివాళ్లు కర్రలతో పొడిచి చూపించేవారు. ఆమె మాసిక వేస్తుంటే వీధివాళ్లంతా లోపలి గుడ్డను బిగించి పట్టుకునేవారు. పనిలో పనిగా పాటలు పాడేవారు. సంచికి పక్కగా అభ్రకం రేకుతో చిన్న కిటికీ పెట్టింది. గానుగల వీధిలో ఎండ పడింది. లోపలే పుట్టిన పిల్లలు తమ నీడల్ని చూసి కేకలు పెట్టారు. ఆ పూట సింహాద్రమ్మ బూరెలు వండి బయటికి పంపింది. మూతి దాటేసరికి అవీ మామూలు బూరెలయ్యాయి. సోమరాజు వద్దు వద్దంటూనే అరడజను తిన్నాడు.

పోటీలో నూకరత్నానికి మొదటి బహుమతి వచ్చింది. మిగతావాళ్లు మోటార్లు మార్చారు, గొట్టాలు మార్చారు, ఒకాయన దుమ్ము కూడా కొత్తది పోశాడు. లోపలున్నది ఉన్నట్టు ఉంచిన యంత్రం ఇదొక్కటేనని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. ఆమె ఫోటో పేపర్లో పడింది.

ఆ ఫోటో చూసి మునిసిపల్ కమిషనరు పూలదండ పట్టుకుని ఆమె ఇంటికొచ్చాడు. రేవుపాలేనికి మళ్లీ ఒక పెద్దమనిషి వస్తున్నాడు. పెద్ద ఫ్యాక్టరీ పెట్టే ఆలోచనలో ఉన్నాడట.

"మీ యంత్రాలన్నీ ఒక్కపూట మాకివ్వాలి మేడమ్. నడపాల్సింది కూడా మీరే. మీ విద్య ఊరికి ఉపయోగపడే రోజొచ్చింది."

తుక్కు ఏరుకునే మనిషని వెనకాల నవ్విన ఊరు ఇది. నూకరత్నం దండ పుచ్చుకుంది. తలూపింది.

ఆటోలో మైకు పెట్టి ఊరంతా చాటించారు. జనం బిందెలతో, పరుపులతో, చార్జర్లతో బారులు తీరారు. బలవంతం ఏమీ లేదు. ఎవరికి నచ్చిన యంత్రాన్ని వాళ్లు ఎంచుకోవచ్చు. ఎర్రదాంట్లో గాలి బాగా వస్తుందని ఒకరన్నారు. క్లబ్బుదాంట్లో పెద్ద ఉద్యోగులుంటారని కొందరు అటు పోయారు. హైస్కూలు పిల్లలు క్లాసులవారీగా వెళ్లారు, హెడ్మాస్టరు చివర్న. టీకొట్టు అబ్బులు మరుగుతున్న పాలగిన్నెతో సహా గానుగల వీధికే వెళ్లాడు. ప్రతి యంత్రమూ ఒక్క నొక్కుకే అందుకుంది. ఒక్కటీ మొరాయించలేదు. అన్నీ కలిసి ఊరంతా ఒకే శ్రుతిలో రొద చేస్తుంటే, నూకరత్నం కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పెద్దమనిషి కార్లు మధ్యాహ్నం వచ్చాయి. దారి ఎంత శుభ్రంగా ఉందంటే, ఆగాల్సిన అవసరం రాలేదు. ఒకే వేగంతో ఊరు దాటి వెళ్లిపోయాయి. గంగాధరం అవి కనబడనంత దూరం వెళ్లేదాకా సెల్యూట్ చేశాడు.

"ఇక తీసేద్దామాండీ అందర్నీ?" అడిగింది నూకరత్నం.

"ఎత్తడానికే ఆర్డరుందండి. దింపడానికి వేరే ఆర్డరు రావాలండి."

"ఎప్పుడొస్తుంది?"

"అది రాసే గుమాస్తా కూడా లోపలే ఉన్నాడండి."

ఆర్డరు లేకుండా తీస్తే కేసని ఆమెకు తెలుసు. దంపతులిద్దరూ ఊళ్లో నడిచారు. రోడ్లు వెడల్పుగా, నున్నగా ఉన్నాయి. సోమరాజుకు టీ తాగాలనిపించింది. పాలమనిషి లేదు, కొట్టు లేదు. చెప్పు తెగితే కుట్టేవాడు లేడు. ఎదురొచ్చి ఎలా ఉన్నారని అడిగే మనిషి లేడు. ఇంటికొచ్చి నూకరత్నం సంచికి చెవి ఆనించింది. లోపల రేడియో మోగుతోంది. ఎవరో దేనికో పగలబడి నవ్వుతున్నారు. గారెల వాసన వస్తోంది.

ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి సోమరాజు రెండు దిండ్లు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

గంగాధరాన్ని పిలిచి, స్విచ్ ఎలా నొక్కాలో, మోటారు వేడెక్కితే ఎంతసేపు ఆపాలో జాగ్రత్తగా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, నొక్కాడు.

సంచిలో సింహాద్రమ్మ కొట్టు ముందు బల్ల మీద జనం అప్పటికే ఇరుగ్గా కూర్చున్నారు. ఆవిడ ఇద్దరి చేతుల్లో టీ గ్లాసులు పెట్టింది. ఒక్క గుటక తాగారో లేదో, పైన మోటారు మళ్లీ అందుకుంది. గంగాధరం దిగాడు, టోపీ సరిచేసుకుంటూ. ఆయన వెనక కమిషనరుగారి బూట్లు కనిపించాయి.

"కాస్త సర్దుకోండమ్మా," అంది సింహాద్రమ్మ. "ఇంకా వచ్చేవాళ్లున్నారు."

నూకరత్నం జరిగి కూర్చుంది.