రామేశ్వరమ్మ నిద్రకు ఒకటీ పది బస్సు

భూమ్మీద కాలాన్ని సూర్యుడు నడుపుతాడని బడిపుస్తకాల్లో రాసి ఉంటుంది. డెబ్బైల మొదట్లో, ఆళ్లగడ్డలో మాత్రం దాన్ని నరసింహులు నడిపేవాడు. పుండరీకా మోటార్ సర్వీసులో అతను టైంకీపరు. మధ్యాహ్నం ఒకటీ పదికి నంద్యాలకు పోవలసిన బస్సు, డ్రైవరు ఓబులేసు అన్నం తిని, వక్కాకు వేసుకుని, సీట్లన్నీ నిండి, ఇంజను మూత మీద కూడా ఇద్దరు సర్దుకున్నాక ఏ రెండింటికో కదిలేది. నరసింహులు రిజిస్టరు తెరిచి "1.10, రైట్ టైం" అని రాసి సంతకం పెట్టేవాడు. పదకొండేళ్లలో ఆ బస్సు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. (అనుమానం ఉన్నవాళ్లు రిజిస్టరు చూసుకోవచ్చు.)

ఇంతటి క్రమశిక్షణ గల ఇంట్లో ఏ వేళకూ లోబడని మనిషి ఒకరే, రామేశ్వరమ్మ (వయసు పది నెలలు). జేజి (నాయనమ్మ) పేరు పెట్టినందుకు జేజి పెత్తనం కూడా వచ్చింది. పొద్దున పదింటికి ఒక కునుకు, దీపాలు పెట్టే వేళకు ఇంకొకటి, తక్కిన కాలమంతా ఇంటికి కాపలా. నలభై రోజులుగా తల్లి కమలాక్షమ్మ కంటికి నిద్ర లేదు. ఒకనాడు నిలబడే నిద్రపోయి సంగటి మాడ్చింది.

ఆస్పత్రి కంపౌండరు నతానియేలు పాప నాలుక చూశాడు, కళ్లు చూశాడు.

"పాపకేం కాల్యామ్మా. ఈ వయసు బిడ్డకు టయం నేర్పాల. దినామూ ఒకే యాళకు పండుకోబెట్టు. టయానికి ఆఫీసరు మీ ఇంట్లోనే ఉండాడు గదా."

కమలాక్షమ్మ ఆ మాట ఇంటికి మోసుకొచ్చి మొగుడి ముందర పెట్టింది.

"పది దినాలు చూస్తా. అప్పుటికీ పాప టయానికి పండుకోకుంటే నేను రుద్రవరం మా అమ్మింటికి పోతా."

"ఈ ఎండల్లో పాపను ఎత్తుకొని యాడ పోతావు?"

"పాపను ఎత్తుకొని పోతానని యెవురు చెప్పినారు?"

నరసింహులుకు తన సర్వీసులో ఇంత పెద్ద మెమో ఎన్నడూ అందలేదు.

ఆ సాయంత్రమే స్కేలు పెట్టి, ఎర్రసిరాతో గీతలు కొట్టి, నిద్రవేళల పట్టిక తయారు చేశాడు. మధ్యాహ్న నిద్ర: బయలుదేరు వేళ 1.10, చేరు వేళ 3.00. నిద్రలో ఉండగా తమ ఇష్టానుసారం లేచి కూర్చొనుట నిషేధమని అడుగున ఒక హెచ్చరిక. పట్టికను ఉయ్యాల పక్కన అంటించాడు. రామేశ్వరమ్మ దాని మూల చింపి తినేసింది. (ఉత్తర్వు అందినట్లు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.) తర్వాత ఒకటీ పదయింది, రెండయింది, మూడయింది. ఆమె ఉయ్యాల గొలుసు పట్టుకుని నిలబడి తండ్రిని చూస్తూ ఉంది. నాలుగు రోజులూ అంతే.

నాలుగో రోజు కమలాక్షమ్మ పట్టిక దగ్గరికి పోయి చూసింది. నాలుగు రోజులకూ ఎదురుగా "రైట్ టైం" అని రాసి ఉంది.

"ఏందిది?"

"చెయ్యి అలవాటు," అన్నాడు నరసింహులు.

"అయితే నాగ్గూడా ఒక కాగితం ఇయ్యి. నేనూ దాంట్లోనే పండుకుంటా."

ఐదో రోజు ఆమె పాపను చంకనేసుకుని మొగుడికి అన్నం క్యారియర్ తెచ్చింది. ఎండకు తాళలేక, ఆగి ఉన్న బస్సులో కూర్చుంది. ఆ రోజు ఓబులేసుకు నంద్యాలలో చెల్లెలి పెండ్లిచూపులున్నాయి. అందువల్ల, కంపెనీ చరిత్రలో మొదటిసారి, బస్సు ఒకటీ పదికి కదిలింది. రెండో గేరు పడేసరికి రామేశ్వరమ్మ నిద్రపోయింది. మూడో గేరుకు తల్లి కూడా. ఇద్దరూ నాలుగున్నరకు తిరుగు బస్సులో దిగారు. కమలాక్షమ్మ ముఖం కడిగిన పలకలా ఉంది.

"యాడిదాకా పండుకొన్యారు?"

"నంద్యాల దాకా. వచ్చేటప్పుడు మళ్లా ఈడి దాకా."

ఆరో రోజు తల్లీబిడ్డలు మళ్లీ ఎక్కారు గానీ బస్సు మామూలు ప్రకారం రెండింటికి కదిలింది. అప్పటికి నిద్రవేళ దాటిపోయిన పాప దారిలోని శిరివెళ్ల దాకా ఏడ్చింది. ఇద్దరు ప్రయాణికులు అక్కడే దిగి, తక్కిన దోవ నడిచిపోతామన్నారు. నరసింహులుకు శాస్త్రం బోధపడింది. పాపను పట్టికకు సర్దడం మనుషుల తరం కాదు, బస్సునే సర్దాలి.

ఏడో రోజు సరిగ్గా ఒకటీ పదికి విజిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"చెయ్యి కడుక్కోల్యా అన్నా ఇంగా," అన్నాడు ఓబులేసు, ముద్ద చేతిలో పెట్టుకుని.

"స్టీరింగు ఎన్ని చేతులతో పడతావు?"

"రెండింటితో."

"ఒగటి బాగుండాది గదా. పద."

ఆ రోజు బస్సులో పదకొండు మంది పోయారు. ఎనిమిదో రోజు తల్లీబిడ్డలు, కండక్టరు, ఒక కోళ్లగంప. గంప యజమాని టీ తాగుతూ ఆళ్లగడ్డలోనే ఉండిపోయాడు.

తొమ్మిదో రోజు ప్రజలు దండుగా వచ్చారు. ముందర జయలక్ష్మమ్మ. వారానికి రెండుసార్లు నంద్యాల ఆస్పత్రికి పోయే పెద్దామె.

"పదకొండేండ్లుగా ఒకటీ పది బస్సుకు ఒకటిన్నరకు బయల్దేరి వస్తాండాము. యా పొద్దన్నా మేము టయం తప్పినామా? నువ్వు తప్పిస్తే యెట్లప్పా?"

ఫిర్యాదు అప్పటికే కంపెనీకి చేరింది. నంద్యాల నుంచి మేనేజరు పార్థసారథి గారు స్వయంగా విచారణకు వచ్చి, రిజిస్టరు తిరగేసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ తిరగేశారు.

"దీంట్లో పదకొండేళ్ల నుంచి బస్సు ఒకటీ పదికే పోతోంది. జనమేమో ఒకటీ పదికి పోతోందని ఫిర్యాదు చేస్తున్నారు. నువ్వేం మార్చావు?"

"ఏమీ మార్చల్యా సామీ."

"అయితే ఏమీ మార్చొద్దు. మునుపటి మాదిరే పోనీ."

ఉత్తర్వు స్పష్టంగా ఉంది. దాన్ని పాటిస్తే బస్సు మళ్లీ రెండింటికి; మరునాడేమో కమలాక్షమ్మ పెట్టిన గడువు, పదో రోజు.

నరసింహులు ఆ సాయంత్రం ఇల్లు చేరలేదు. పెయింటు డబ్బా అడిగి తెచ్చుకుని, బస్టాండు బోర్డు మీద 1.10 చెరిపి 12.30 అని రాశాడు.

పదో రోజు పన్నెండున్నరకు ఒక్కరూ రాలేదు. ఒంటిగంటకల్లా అందరూ వచ్చారు. ఓబులేసు చెయ్యి కడుక్కున్నాడు. సీట్లు నిండాయి. ఇంజను మూత మీద ఇద్దరు. "బస్సు మళ్లా దావకొచ్చింది," అని జనం సంతోషపడ్డారు. సరిగ్గా ఒకటీ పదికి, కండక్టరు తలుపు మీద కొట్టకముందే రామేశ్వరమ్మ కళ్లు వాలిపోతున్నాయి. కమలాక్షమ్మ రుద్రవరం మాట ఎత్తలేదు. తల కిటికీకి ఆనించుకుంది.

పక్కసీట్లో జయలక్ష్మమ్మ పాప కాళ్ల మీద కొంగు కప్పింది. కిటికీలోంచి నరసింహులుతో నెమ్మదిగా అంది.

"బంగారట్ల పండుకుంటాదప్పా. నా మనవడు గూడా ఈ యీడే అప్పుడు. జరంతో ఆస్పత్రికి తీసుకపోతాంటే ఈ సీట్లోనే ముప్పావుగంట ఏడ్చినాడు, బస్సు కదల్లే. ఆడికి చేరేసరికి ఏడుపు నిలిపేసినాడు. మళ్లా ఏడవలే." కొంగు సర్ది మళ్లీ అంది. "అప్పుటికి నీకు బిడ్డల్లేరు గదా నాయనా, నీకెట్ల తెలుస్తాది."

అది ఫిర్యాదు కాదు కాబట్టి ఎక్కడా రాసుకోనక్కర్లేదు. నరసింహులు విజిల్ ఊదాడు.