హనుమంతు సర్దిన బ్యాగు

ఆ రోజు హనుమంతు ఫిల్మ్ నగర్ వెళ్లింది కేవలం తాళాలు ఇచ్చి రావడానికి. ఈ మాటను ఆయన భార్య దేవమ్మ ఇప్పటికీ నమ్మదు. స్టూడియోలో ఆయనది ఇరవై రెండేళ్ల ఉద్యోగం. హీరో చేతిలో గొడుగు దగ్గర్నుంచి విలన్ ఇంట్లో ఏనుగు దంతం దాకా, తెర మీద కనిపించే వస్తువేదైనా సమకూర్చేది ఆయనే. గోదాము తాళాలు అప్పగించి, పదకొండుకల్లా బోరబండలో ఇంటికి చేరి, అన్నం తిని, సాయంత్రం కూతురు నిహారికతో హిమాలయాలకు రైలెక్కాలి. అదీ పథకం.

నిహారిక పదో తరగతిలో బహుమతి అందుకున్న రోజు ఆయన షూటింగులో ఉన్నాడు. డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా షూటింగే. ఇప్పుడా పిల్ల ఉద్యోగంలో చేరి, మొదటి సెలవులకు ఇద్దరికీ ట్రెక్కింగ్ టికెట్లు తీసి, "నాన్నా, ఈసారి గిన నువ్వు రాకుంటే ఇంక నిన్ను దేనికీ పిల్వను" అని మెల్లగా చెప్పింది. అరిచినా బాగుండేది. అంత మెల్లగా చెప్పేసరికి హనుమంతుకు నిజంగానే భయం పట్టుకుంది.

అందుకే ట్రెక్కింగ్ వాళ్లు పంపిన జాబితాను అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. ఉన్ని సాక్సులు, వానకోటు, తలకు కట్టుకునే లైటు, మొత్తం ముప్పై ఒక్క వస్తువులు టిక్కు పెట్టుకుంటూ సర్దాడు. కొత్త బూట్లు కాళ్లకు అలవాటు కావాలని రాశారని పదిహేను రోజులు ఇంట్లో బూట్లతోనే తిరిగాడు. దేవమ్మ వంటింటి గడప మాత్రం దాటనివ్వలేదు. బ్యాగు భుజాలకు అలవాటు కావాలని అందులో పది కిలోల బియ్యం పోసుకుని రోజూ బోరబండ ఎత్తు ఎక్కి దిగాడు. దాంతో బ్యాగు పదేళ్లు కొండల్లో తిరిగొచ్చినట్టు తయారైంది. చివరి రోజు సాధన మానడం ఎందుకని, సర్దిన బ్యాగు వీపున వేసుకుని, ఆ బూట్లతోనే స్టూడియోకు నడిచి వెళ్లాడు. కొంప మునిగింది అక్కడే.

లోపల మంచుకొండ సెట్టు వేసి ఉంది. బండలు థర్మకోలువి, మంచు ఉప్పుది. హీరో సృజన్ భుజాన ఉన్న బ్యాగును చూసి దర్శకుడు ఆత్రేయ బాధపడుతున్నాడు. హనుమంతు తనకు కొన్నప్పుడే సినిమాకూ అదే రకం, అదే రంగు బ్యాగు కొన్నాడు. కాకపోతే అది నిగనిగలాడుతోంది.

"ఇది కొండెక్కిన బ్యాగులా లేదండీ, పెళ్లికి వెళ్తున్నట్టుంది," అంటూ ఆత్రేయ తల తిప్పేసరికి గుమ్మంలో హనుమంతు బ్యాగు కనిపించింది. "హనుమంతు గారూ, ఒక్క షాట్. పది నిమిషాలు."

"సార్, ఇయ్యాల నాకు రైలుంది."

"పది నిమిషాలేనండీ."

అడిగిన వస్తువు లేదని చెప్పడం హనుమంతు ఎన్నడూ నేర్చుకోలేదు. ఇచ్చాడు.

సృజన్ నాలుగడుగులు వేసి, పాత్రలో లీనమైపోయి, రాసిన సీనులో లేకపోయినా బ్యాగు విప్పి ఒక్కో వస్తువూ మంచులోకి విసరసాగాడు. సాక్సులు పోయాయి. వానకోటు పోయింది. దేవమ్మ కట్టిచ్చిన సకినాల పొట్లం మాత్రం విసరలేదు, కన్నీళ్లు పెట్టుకుంటూ తిన్నాడు.

హనుమంతు ప్రాణం విలవిల్లాడింది. కట్ చెప్పకముందే సెట్లోకి పోయి కూర్చుని, సాక్సులకు అంటిన ఉప్పు దులిపి, జతలు కలిపి మడతపెట్టడం మొదలుపెట్టాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

"కట్," అంటూ ఆత్రేయ లేచాడు. "ఆ బూట్లు చూశారా? ఆ మడతపెట్టే తీరు చూశారా? మన గైడు పాత్ర ఇతనే."

హనుమంతు వానకోటు అందుకోబోయాడు. అసోసియేట్ శ్రీనిధి అడ్డం వచ్చింది. ఒక షాట్‌లో ఉన్నది తర్వాతి షాట్‌లోనూ ఉన్నట్టే ఉండేలా కాపలా కాయడం ఆమె పని.

"ముట్టుకోకండి అన్నా, కంటిన్యుటీ."

"గవి నా సామాన్లమ్మా."

"ఇప్పుడు గైడువి. మీరు కూడా కంటిన్యుటీయే. నలభై రోజులు గడ్డం గీసుకోవద్దు."

ఈ రూలును స్టూడియోలో అందరి మీదా రుద్దింది హనుమంతే. కాఫీ కప్పు రెండంగుళాలు జరిపిందని ఒకసారి హీరోయిన్ తల్లిని కూడా మందలించాడు.

మధ్యాహ్నం నిహారిక ఫోన్ చేసింది. "ఏడున్నవ్ నాన్నా?"

"తాళాలిస్తున్న బిడ్డా."

మూడింటికి మళ్లీ చేసింది. "ఇంకా తాళాలే ఇస్తున్నవా?"

నాలుగింటికి ఫోన్ రాలేదు. హనుమంతుకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు బుర్ర పనిచేసింది. సినిమాలో కంటిన్యుటీ నుంచి తప్పించుకోవాలంటే ఉన్న దారి ఒక్కటే, చచ్చిపోవడం. వెళ్లి ఆత్రేయ పక్కన నిలబడ్డాడు.

"సార్, తెల్వక అడుగుతున్న. గైడు బ్యాగుతో సహా లోయల పడి సస్తే ఎట్లుంటది?"

ఆత్రేయ స్క్రిప్టు తెరిచి సగం దగ్గర అడ్డంగా గీత గీశాడు. "ఇదే ఇంటర్వెల్," అన్నాడు.

అయిదున్నరకు హనుమంతు ఆరడుగుల థర్మకోలు లోయలో, పరుపుల మీద పడ్డాడు. పైన అందరూ చప్పట్లు కొడుతుండగానే, పక్కన పడ్డ బ్యాగును చంకన పెట్టుకుని, పాకుతూ వెనక తలుపులోంచి బయటపడ్డాడు. ఆటోలో బోరబండ స్టేషను, అక్కణ్ణుంచి లోకల్ రైలు. సంతోషంలో బ్యాగు బరువే తెలియలేదు.

సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద నిహారిక ఒక్కతే నిలబడి ఉంది. గడ్డం నిండా ఉప్పుతో పరుగెత్తుకొస్తున్న మనిషిని ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. హనుమంతు కళ్లు నిండాయి.

రైలు కదిలాక శ్రీనిధి ఫోన్ చేసింది.

"అన్నా, రేపు పొద్దున ఏడింటికి వచ్చేయండి."

"నేను సచ్చిన కదమ్మా."

"మీరు చచ్చింది ఇంటర్వెల్లో. అంతకుముందు సీన్లన్నీ రేపట్నుంచి కదా తీసేది. మీ బ్యాగు నా దగ్గర భద్రంగా ఉంది. పడేసే షాట్‌కు అసలు వస్తువు వాడొద్దని మీరే కదా నేర్పారు. కొత్త బ్యాగుకు మట్టి పూసి థర్మకోలు నింపాం. తేడా తెలిసిందా?"

హనుమంతు ఒళ్లో బ్యాగును ఎత్తి చూశాడు. చిటికెన వేలికి లేచింది.

"తెల్వలే," అన్నాడు నిజాయితీగా. తను నేర్పిన పనితనానికి లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

నిహారిక ఫోన్ లాక్కుని ఆఫ్ చేసింది. జిప్పు తీసి తెల్లటి ముక్కల్ని చూసి, కథంతా చెప్పించుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. "నువ్వొచ్చినవ్ గద నాన్నా, గది చాలు. సామాన్లు గాడ కిరాయికి దొరుకుతయ్."

మూడో రోజు కొండ కింద, వీళ్లు కిరాయి సామాన్లు ఇంకా తీసుకోకముందే, ట్రెక్కింగ్ నాయకుడు అందరి బ్యాగులూ ఎత్తి చూశాడు. ఒకరి బ్యాగులోంచి ఇస్త్రీ పెట్టె, మరొకరి బ్యాగులోంచి రెండు కిలోల ఆవకాయ జాడీ తీయించి చీవాట్లు పెట్టాడు. చివరికి హనుమంతు బ్యాగును ఒంటి చేత్తో ఎత్తి అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్లలో బ్యాగు సర్దడం తెలిసిన మనిషిని మొదటిసారి చూస్తున్నానని, ఇందులో ఏమేం పెట్టారో అందరూ దగ్గరికొచ్చి చూసి నేర్చుకోవాలని చెప్పి, జిప్పు మీద చెయ్యి వేశాడు.

నిహారిక అడ్డం వచ్చి నిలబడింది.

"ముట్టుకోవద్దు," అంది. "కంటిన్యుటీ."