నదిని జరిపిన అధ్యక్షుడు

రష్యా దేశపు తూర్పు కొసన, నదికి అవతలి గట్టు పరాయి దేశమయ్యే చోట, ఒక పెద్ద అడవి ఉండేది. ఎంత పెద్దదంటే, కాకి ఈ చివర నుంచి ఆ చివరకి ఎగరాలంటే దారిలో మూడుసార్లు మజిలీ చెయ్యాలి. జనాభా ఎంత తక్కువంటే, రెండు ఉడతలు జుట్టూ జుట్టూ పట్టుకుంటే విడదీయడానికి మూడో ఉడతని నాలుగు రోజుల దూరం నుంచి పిలిపించాలి.

ఆ సరిహద్దు ప్రాంతానికి అధ్యక్షుడు జఖార్ అనే ఎలుగుబంటి. ఏడాదిలో ఆరు నెలలు పరిపాలన, ఆరు నెలలు నిద్ర. రెంటికీ తేడా ప్రజలకి పెద్దగా తెలిసేది కాదు. పదవితో పాటు ఆయనకి ఎండ తగిలే గుహ, ఏటా పన్నెండు తేనెపట్లు వచ్చేవి. ఆ గుహంటే ఆయనకి ప్రాణం.

ఆకులు రాలే కాలంలో రాజధాని నుంచి తాఖీదు వచ్చింది. వెయ్యి తలలు లేని ప్రాంతాన్ని పక్క ప్రాంతంలో కలిపేస్తారట. అధ్యక్షుడి పదవి, గుహ, తేనె అన్నీ రద్దట. వసంతంలో తనిఖీ అధికారి కొంగ స్వయంగా వచ్చి లెక్కపెడుతుందట.

జఖార్ తాఖీదు పక్కన పడేసి లేచాడు. గుమాస్తా వేరాని పిలిచాడు. వేరా నక్క.

"మనం ఎంతమందిమి?"

"ఎనిమిది వందల పదకొండు దొరా. పోయిన చలికాలం నది గడ్డకట్టగానే కుందేళ్లు మూడువందలు అవతలి గట్టుకి నడిచిపోయాయి. అక్కడ గడ్డి బాగుందట."

మూలన నిలబడ్డ ముసలి దుప్పి ఉండబట్టలేక అంది, "ఇక్కడ కూడా నాలుగు గడ్డిపోచలు మొలిపిస్తే వాళ్లే తిరిగొస్తారు కదయ్యా!"

"అది ఖర్చు," అన్నాడు జఖార్. "నాకు కావలసింది పథకం."

వేరా తోక సవరించుకుంది. "చట్టం ఏమంటోంది దొరా? నదికి ఉత్తరాన ఉన్నవాళ్లంతా మనవాళ్లు. కుందేళ్లని ఇటు తేవడం కష్టం. వాళ్లున్న పచ్చికకి అవతల ఎండిపోయిన పాత పాయ ఒకటుంది. నదిని అందులోకి మళ్లించామనుకోండి, కుందేళ్లు కాలు కదపకుండానే మన జనాభా అయిపోతారు."

జఖార్ ఆనందం పట్టలేక దాన్ని కౌగిలించుకున్నాడు. వేరా పక్కటెముకలు రెండు రోజులు నొప్పిపెట్టాయి.

పళ్లతో చెట్లు కొరికి వాగులకి అడ్డుకట్టలు కట్టే బీవరు ప్రోఖోర్‌కి కబురెళ్లింది. అతను నది వంక చూశాడు, కొండ వంక చూశాడు, తల గోక్కున్నాడు.

"కట్టమంటే కడతా దొరా. నీళ్లని ఆపడం నా పని. ఆగిన నీళ్లు ఎటు పోతాయో చెప్పడం నా వల్ల కాదు. మంచు కరిగే రోజుల్లో నదికి తిక్క ఎక్కువ."

"నది నా ప్రాంతంలో ఉంది. నా మాట వింటుంది," అన్నాడు జఖార్.

"మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనెట," అని గొణుక్కుంటూ దుప్పి వెళ్లిపోయింది.

కట్ట లేచింది. నది బుద్ధిగా పాత పాయలోకి తిరిగింది. కుందేళ్లు పొద్దున్నే నీళ్లు తాగడానికి వస్తే నది లేదు. వెనక్కి తిరిగితే అటువైపు ఉంది. "దేశం వదిలి వచ్చాం కదే, మళ్లీ వెంటబడిందేంటే!" అని ఒక కుందేలు చెల్లెలితో మొత్తుకుంది.

జఖార్ మాత్రం పదకొండు వందల పైచిలుకు అని నివేదిక రాయించి, దాని మీద పంజా గుర్తు వేసి, గుహలోకి వెళ్లి హాయిగా పడుకున్నాడు.

వసంతం వచ్చింది. మంచు విరిగింది. పాయ గొంతులో మంచుగడ్డలు అడ్డంపడి, నీళ్లు వెనక్కి ఎగదన్ని, కట్టని చూసి జడుసుకోకుండా పక్కకి తిరిగి, కొండ చుట్టూ, అడవి ఉత్తరపు అంచున కొత్త దారి చేసుకున్నాయి.

జఖార్ ఆకలితో లేచి బయటికొచ్చాడు. గుహకి ఉత్తరాన, నిన్నటిదాకా గడ్డిపోచ కూడా మొలవని నేల మీద, నది పారుతోంది. అవతలి గట్టున కొంగ ఒంటికాలి మీద నిలబడి లెక్కపెడుతోంది. పక్కన కాగితాలు పట్టుకుని వేరా.

"ఉత్తరాన అరవై రెండు తలలు," అంది కొంగ. "ప్రాంతం రద్దు."

"మరి నేను?" అని అరిచాడు జఖార్.

"తమరు దక్షిణాన ఉన్నారు. పరాయి దేశస్థులు."

"ఈదుకొస్తాను!"

"పాసు లేకుండా కుదరదు. పాసు ఈ ప్రాంత అధ్యక్షుడు ఇవ్వాలి."

"అధ్యక్షుణ్ణి నేనేగా!"

"అధ్యక్షుడు ఈ గట్టున ఉండాలి కదండీ," అంది కొంగ జాలిగా.

జఖార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "వేరా! నువ్వు అటెప్పుడు వెళ్లావే? నన్నెందుకు లేపలేదు?"

"మంచు పగిలే చప్పుడు విని రెండు వారాల క్రితమే ఇల్లు మార్చాను దొరా. తమరి నిద్రకి భంగం కలిగించకూడదని తమరే ఉత్తర్వు ఇచ్చారు."

"నీ ఉద్యోగం కూడా పోయిందిగా!"

"అధ్యక్షులకి రద్దు దొరా. గుమాస్తాలకి బదిలీ."

జఖార్ గట్టున కూలబడ్డాడు. కాసేపటికి పచ్చిక మీద నుంచి కుందేళ్లు వచ్చి చుట్టూ చేరాయి. వాటిలో పెద్దది గుప్పెడు గడ్డి ఆయన ముందు పెట్టింది.

"తినండి మావా. మొదట్లో కొంచెం బెంగగా ఉంటుంది. మాకూ అలాగే ఉండేది."

నీతి: జనం వెళ్లిపోతుంటే సరిహద్దుని జరపవచ్చు, తప్పులేదు, పడుకునే ముందు మంచం ఎటువైపు ఉందో చూసుకుంటే చాలు.