ఏడో గడిలో పద్నాలుగు

ఆ రోజు పొద్దున డాగ్నీ వెస్టీన్ పెట్టుకున్న పనులు మూడే మూడు. చేపలకు మేత వెయ్యాలి, పాత స్నేహితుడు హోల్గర్ వచ్చేలోగా కాఫీ కాచాలి, విశ్వవిద్యాలయం వాళ్లు చేపల గురించి పంపిన ఫారం నింపి పోస్టులో వెయ్యాలి. మొదటి రెండూ ముప్పై ఏళ్లుగా చేస్తున్నవే. కొంప ముంచింది మూడోది.

డెబ్బై రెండేళ్ల డాగ్నీ తూర్షో సరస్సు ఒడ్డున మున్సిపాలిటీవారి చేపల గదిని చూసుకుంటుంది. గది అంటే పాత బడి వెనక ఒకప్పుడు బట్టలుతికిన కొట్టు. అందులో నాలుగు గాజు తొట్లు, వాటిలో ఇరవై మూడు సింపా చేపలు. చూడ్డానికి అందమైనవేమీ కావు. పెద్ద తల, వెడల్పు నోరు, ఎవరో అప్పుడే అవమానించినట్టు మొహం. సముద్రంలో ఉండే వీటి బంధువులకు తల మీద నాలుగు ఎముక బొడిపెలుంటాయి. ఇక్కడివాటికి అవీ అరిగిపోయాయి.

ఆ తీరంలో హిమయుగం నాటి మంచు బరువు దిగిపోయినప్పటి నుంచి నేల పైకి లేస్తూనే ఉంది. డాగ్నీ తాత నీళ్ల అంచున కట్టిన పడవల పాక ఇప్పుడు గడ్డి మధ్య తెల్లబోయి నిలబడి ఉంది. తూర్షో కూడా ఒకప్పుడు సముద్రపు పాయే. నేల లేచి పాయ నోరు మూసుకుపోతే సరస్సు అయింది. లోపలున్న చేపలు లోపలే ఉండిపోయాయి. ఒక మాటైనా చెప్పుకోకుండా విడిపోయాయే అని డాగ్నీకి వాటి మీద జాలి. చుట్టాలు ఊరెళుతుంటే బస్సుకు ముప్పావుగంట ముందే స్టాపుకు చేరి, బస్సు రాకముందే కళ్లు తుడుచుకునే మనిషి ఆవిడ.

అలాంటి మనిషికి మున్సిపల్ చైర్మన్ రూనె ఆ శీతాకాలంలో ఒక ఉత్తరం రాశాడు. వేసవి చివర చేపలను నాలుగు వందల కిలోమీటర్ల అవతలి పెద్ద ఆక్వేరియానికి తరలిస్తారట. గదిని మంచు మీద జారే స్కీలకు మైనం రాసుకునేందుకు ఇస్తారట. డాగ్నీ కోటు గుండీలు పెట్టుకోవడం కూడా మరిచిపోయి అతని ఆఫీసుకు వెళ్లింది.

"మైనం రాసుకోడానికి నా చేపలు అడ్డమా?"

"డాగ్నీ, అవి మామూలు సింపాలే కదా. సముద్రం నిండా ఉన్నాయి."

"నీలాంటి చైర్మన్లు కూడా దేశం నిండా ఉన్నారు. నిన్నూ తరలించమందామా?"

రూనె నవ్వాడు గాని ఉత్తరం వెనక్కి తీసుకోలేదు. మన చేపలు సముద్రపు చేపల కంటే వేరని శాస్త్రవేత్తలెవరైనా కాగితం ఇస్తే అప్పుడు చూద్దాం అన్నాడు.

డాగ్నీ విశ్వవిద్యాలయానికి రాసింది. మార్చిలో మాలిన్ అనే పరిశోధకురాలు వచ్చింది. సరస్సు చేపల రెక్కల నుంచి గోరంత ముక్కలు, సముద్రపు చేపల నుంచి మరికొన్ని కత్తిరించి సీసాల్లో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ డాగ్నీకి అర్థమయ్యేలా చెప్పింది.

"తల్లి నుంచి పిల్లకి జన్యువులు దిగేటప్పుడు అక్కడక్కడా ఓ అక్షరం తప్పుతుంది డాగ్నీ గారూ. ఆ తప్పులు తరతరానికీ పోగవుతాయి. ఇక్కడి చేపకీ సముద్రం చేపకీ మధ్య ఎన్ని తేడాలున్నాయో లెక్కపెడితే, విడిపోయి ఎన్ని తరాలైందో తెలుస్తుంది. దాన్ని తరం నిడివితో హెచ్చవేస్తే ఏళ్లు."

తప్పులు లెక్కపెడితే విడిపోయిన రోజు తెలుస్తుందన్న మాట డాగ్నీకి నచ్చింది. ఆవిడకు తెలిసిన చాలా సంసారాల్లోనూ అంతే.

ఇక ఆ మే నెల పొద్దున ఫారం నింపుతూ ఆరు గడులు గడగడా దాటింది. ఏడో గడి దగ్గర పెన్ను ఆగింది. "తరం నిడివి, ఏళ్లలో." అంతే. ఎక్కణ్నుంచి ఎక్కడికి అన్నది లేదు. డాగ్నీ నీలం నోటుపుస్తకం తీసింది. ముప్పై ఏళ్లలో ఆ గదిలో పోయిన ప్రతి చేప పేరూ, పుట్టిన రోజూ, పోయిన రోజూ అందులో ఎర్ర సిరాతో ఉన్నాయి. అందరికంటే ఎక్కువ కాలం ఉన్నవాడు ఎస్కిల్. పద్నాలుగేళ్లు బతికి కిందటి చలికాలం వెళ్లిపోయాడు. తరం అంటే ఆఖరివాడు వెళ్లేదాకా కదా! తన తల్లి తరం ఎప్పుడు అయిపోయింది? ఆస్ట్రీ పిన్ని పోయిన రోజున. అందులో డాగ్నీకి అనుమానమే రాలేదు. గడిలో పద్నాలుగు అని రాసి, స్టాంపు అంటించి, కాఫీ దించింది.

జూన్‌లో మాలిన్ ఫోన్ చేసింది.

"వెయ్యి తరాలు డాగ్నీ గారూ! మీరిచ్చిన పద్నాలుగుతో హెచ్చవేస్తే పద్నాలుగు వేల ఏళ్లు! ఆ మంచు కింద ఎక్కడో ఓ మడుగులో బతికి బట్టకట్టాయేమో!"

నలభై రకాల చేపలకు ఒకేసారి లెక్క కడుతున్న మాలిన్, ఫారంలో ఉన్నది ఉన్నట్టు యంత్రానికి ఎక్కించింది. అది తొలి లెక్కేనని, ఇంకా తోటి శాస్త్రవేత్తలు తరచి చూడాలని కూడా చెప్పింది. ఆ మాట పత్రికలో మాత్రం రాలేదు. "సరస్సు కంటే పాత చేప" అని మొదటి పేజీలో పడింది. ఆ మధ్యాహ్నమే రూనె యాలకుల బన్నుల సంచీతో చేపల గదికి వచ్చి, తొట్టి ముందు వంగి, "మన పూర్వీకులు!" అన్నాడు.

"మొన్నటిదాకా మామూలు సింపాలు కదా?"

"ఎవరన్నారు ఆ మాట? పేరు చెప్పు, మాట్లాడతా!"

డాగ్నీకి ఒళ్లు మండింది. అయినా బన్ను తీసుకుంది. చేపలు కదలక్కర్లేదు, అది చాలు.

మర్నాడు పొద్దున హోల్గర్ వచ్చాడు. నలభై ఏళ్లు ఊరి బళ్లో భూగోళం చెప్పి దిగిపోయిన మనిషి. ముప్పై ఏళ్లుగా రోజూ ఎనిమిదింటికి డాగ్నీ వంటింట్లో కాఫీ తాగుతాడు. ఆ వేళ కుర్చీ లాక్కోలేదు. పత్రికను బల్ల మీద పరిచి, దాని మీద వేలితో పొడిచాడు.

"పద్నాలుగు వేల ఏళ్ల కింద ఇక్కడ ఏముందో తెలుసా నీకు? రెండు కిలోమీటర్ల మందాన మంచు! నీ చేపలెక్కడున్నాయి, ఫ్రీజర్లోనా?"

"శాస్త్రం చెప్పింది హోల్గర్."

"నేను చెప్పింది వంటకమా? సరస్సు సముద్రానికి ముప్పై మీటర్ల ఎత్తున ఉంది. నేల లేచే వేగం కట్టి చూస్తే విడిపోయి మూడు వేల యాభై ఏళ్లు. ఊళ్లో సగం మందికి నేనే నేర్పించా. ఇప్పుడు వాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు."

"నీ రాళ్ల లెక్క నీది. నా చేపల లెక్క నాది."

"అయితే నీ కాఫీ కూడా నీదే," అని హోల్గర్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఎనిమిదింటికి డాగ్నీ అలవాటున రెండు కప్పులు పెట్టింది. ఎనిమిదీ ఇరవైకి ఒకటి కడగకుండానే అల్మారాలో పెట్టేసింది. అది మురికిది కాదు మరి. ఇంత చిన్న విషయానికి అలిగే మనిషికి భూగోళం ఎవరు నేర్పారోనని తొట్టిలోని చేపలతో అంది. అవి ఎప్పటిలాగే నొచ్చుకున్న మొహంతో విన్నాయి.

ఆ పైన ఊరు ఊరంతా పూనకం వచ్చినట్టు ఊగింది. ఐస్‌క్రీమ్ కొట్టువాడు "హిమయుగం" అని నీలం రంగు ఐస్‌క్రీమ్ పెట్టాడు. పక్క ఊరివాళ్లు, మా సరస్సు మీ సరస్సు కంటే పన్నెండు మీటర్లు ఎత్తున ఉంది కాబట్టి మా చేపే ఇంకా పాతదని పత్రికకు ఉత్తరాలు రాశారు. టీవీవాళ్లు వచ్చి డాగ్నీని గట్టు మీద నిలబెట్టి, దూరంగా చూడండి అన్నారు. దూరంగా చూస్తే హోల్గర్ ఇంటి చిమ్నీ కనబడింది. రూనె రెండు టన్నుల గ్రానైట్ రాయి తెప్పించి, "పద్నాలుగు వేల ఏళ్లుగా ఇక్కడే" అని చెక్కించాడు. ఆగస్టు మూడో శనివారం ఆవిష్కరణ అన్నాడు.

ఆ శనివారం బల్ల మీద ఆకుపచ్చ బాదం పూత వేసిన కేకు. దాని మీద తెల్ల అక్షరాల్లో పద్నాలుగు వేలు అంకెల్లో. రాయి మీద దుప్పటి. చేపల గది కంచె అవతల, అందరికీ వీపు పెట్టి, హోల్గర్. పిలవలేదు కాబట్టి లోపలికి రాలేదు. రావడం ఇష్టం లేదు కాబట్టి దూరంగానూ పోలేదు.

మాలిన్ బస్సు దిగి నేరుగా చేపల గదిలోకి వచ్చింది.

"ఒక్క చిన్న సంగతి డాగ్నీ గారూ. నా వ్యాసం తరచి చూసినాయన, తరం పద్నాలుగేళ్లని ఎలా తేలిందని అడిగాడు. మీ దగ్గర ఆధారం ఉందిగా?"

"లేకపోవడమేంటి!" డాగ్నీ నీలం నోటుపుస్తకం గర్వంగా చేతికిచ్చింది. మాలిన్ నాలుగు పేజీలు తిప్పింది.

"ఇవన్నీ చావులు."

"అవును. తరం ఇంకెప్పుడు అయిపోతుంది?"

"డాగ్నీ గారూ... తరం అయిపోయేదాకా కాదండీ. తల్లి పుట్టిన దగ్గర్నుంచి ఆ తల్లికి పిల్లలు పుట్టేదాకా. అంతే."

డాగ్నీ కుర్చీలో కూర్చుంది. పుస్తకంలో ప్రతి పేజీ అంచునా పెన్సిల్‌తో సన్నగా ఇంకో తేదీ ఉంది: మొదటిసారి గుడ్లు పెట్టిన రోజు. మాలిన్ వేలు పెట్టి లెక్కేసింది. మూడేళ్లు. మూడేళ్లు. మళ్లీ మూడు. ఒకచోట నాలుగు, ఒకచోట రెండు. ముప్పై ఏళ్లుగా కావలసిన లెక్క పక్కనే ఉంటే డాగ్నీ ఎర్ర సిరానే చూసింది.

"అయితే వెయ్యిని మూడుతో..." మాలిన్ పూర్తి చెయ్యలేదు. బయట రూనె మైకులో దగ్గి గొంతు సవరించుకుంటున్నాడు.

నోరు మూసుకుంటే చేపలు ఉండిపోతాయి. రాయి లేస్తుంది, మైనం గది మాట మళ్లీ రాదు. నోరు తెరిస్తే లారీ, నాలుగు వందల కిలోమీటర్లు. డాగ్నీ కిటికీలోంచి చూసింది. కంచె అవతల ఆ వీపు ఇంకా అలాగే ఉంది, లాగి బిగించిన తాడులా. ఆవిడ లేచి, తిన్నగా వెళ్లి, చైర్మన్ చేతిలోంచి మైకు లాక్కుంది.

"అందరూ వినండి. ఆ రాయి మీదున్నది తప్పు. తప్పు రాసింది నేను. సరైన లెక్క ఊళ్లో ఒక్క మనిషే చెప్పాడు, ఆ మనిషిని చూసి మీరంతా నవ్వారు. నేనూ వెనకేసుకు రాలేదు. కానీ ఒక మాట చెప్తా! తరం నిడివి అని రాసి ఊరుకుంటారా ఎవరైనా? ఎక్కడ మొదలు, ఎక్కడ చివర అని ఇంకొక్క ముక్క రాస్తే సిరా అయిపోతుందా? చదువుకున్నవాళ్ల ఫారాలన్నీ ఇంతే! ఎదటి మనిషి కూడా వాళ్ల బళ్లోనే చదివిందనుకుంటారు!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక చిన్నపిల్ల కొట్టబోతే తల్లి చెయ్యి పట్టుకుంది.

"అయితే ఎంత?" రూనె గుసగుసగా అడిగాడు.

"మూడు వేలు," అంది మాలిన్.

"మూడేనా! మన మ్యూజియంలో బురదలోంచి తీసిన స్కీకే అయిదు వేల ఏళ్లు!" స్కీ పేరు నోట్లోంచి రాగానే అతని చూపు చేపల గది వైపు తిరిగింది. డాగ్నీ ఆ చూపు చూసి తలుపుకు అడ్డంగా వెళ్లి నిలబడింది.

అప్పుడు హోల్గర్ కంచె దాటి వచ్చాడు. కత్తి తీసుకుని కేకు మీది ఒకటి అంకెను మాత్రం నీటుగా కోసి పళ్లెంలో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు నాలుగు వేలు. ఇంకా నా లెక్కకి తొమ్మిది వందల యాభై ఎక్కువే."

"ఏం లెక్క అది?" మాలిన్ అడిగింది.

"సరస్సు సముద్రాన్ని వదిలి మూడు వేల యాభై ఏళ్లమ్మా. రాళ్లని కొలిచి కట్టింది."

మాలిన్ చేతిలోని నీలం నోటుపుస్తకం గడ్డిలో పడింది. "రాళ్లు మూడు వేల యాభై అన్నాయా? జన్యువులు మూడు వేలంటున్నాయి! మీ ఇద్దరూ ఒకరినొకరు అడక్కుండానే కట్టారా?"

"మేం మాట్లాడుకుంటే కదా," అంది డాగ్నీ.

మాలిన్ రూనె చెయ్యి పట్టుకుంది. జన్యువుల గడియారం ఎంత వేగంగా తిరుగుతుందో సరిచూసుకోవడానికి, విడిపోయిన కాలం ఇంకో దారిన గట్టిగా తెలిసిన చోటు కావాలని, అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయని, ఇది అలాంటిదని గబగబా చెప్పింది. పరిశీలించాల్సిన చేపలు ఇవే, ఉండాల్సిన చోటు ఇదే. పద్నాలుగు వేలు నిజమైతే ఓ వింత అయ్యేది, మూడు వేలు కాబట్టి పనికొస్తుంది. ఈ గదినీ, ముఖ్యంగా ఆ నోటుపుస్తకాన్నీ, కదిలిస్తే ఊరుకోనంది. ఖర్చు విశ్వవిద్యాలయమే పెట్టుకునేలా రేపే రాస్తానంది.

రూనె ఒక్క క్షణం ఆలోచించి మైకు తీసుకున్నాడు. "మొదటి నుంచీ నేను ఇదే అంటున్నా!"

జనం కేకు మీద పడ్డారు. డాగ్నీ లోపలికి వెళ్లి ఫ్లాస్కూ, రెండు కప్పులూ తెచ్చింది. హోల్గర్ ఒకటి అందుకున్నాడు.

"తలుపుకి అడ్డం నిలబడ్డావే, లారీ వచ్చేసిందనుకున్నావా?"

"తాగు. చల్లారిపోతుంది."

రూనె దుప్పటి అంచు ఎత్తి రాయి వైపు దిగులుగా చూస్తున్నాడు. "దీన్నేం చెయ్యను? వెనక్కి తీసుకోరు. చెక్కిందాన్ని చెరిపితే రాయే పగులుతుందట."

"అలాగే ఉంచు," అన్నాడు హోల్గర్. "ఇంకో పదకొండు వేల ఏళ్లు ఆగితే సరిపోతుంది."

డాగ్నీ కప్పు దించి, గది కిటికీలోంచి తొట్ల వైపు కంగారుగా చూసింది. "అప్పటిదాకా వీటికి మేత ఎవరు వేస్తారు?"