అనంతపురానికి లాటిన్ వచ్చిన విధం

మా జిల్లాకు నీళ్లు కొంచెం ఆలస్యమైనా గ్రీకు, లాటిన్ మాత్రం ఈ ఏడాదే పారిస్తామని మంత్రిగారు ఉరవకొండ సభలో ప్రకటించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. మమ్మల్ని ఆటోల్లో తోలే ప్రతి సభకూ పోయి పోయి, బడి చదువు అబ్బకపోయినా చప్పట్లలో పెద్ద చదువే చదివాను.

మంత్రిగారు మాట తప్పలేదు. యూనివర్సిటీలో క్లాసు తెరిచారు. అయ్యవారిని మాత్రం ఇంకా వేయలేదు. చేరింది నా మనవరాలు చౌడేశ్వరి ఒక్కతే. పాపం, ఫోను చూసి సొంతంగా నేర్చుకుంది. చెనక్కాయలు వలుస్తూ కూడా లాటిన్ వల్లించేది. నాకు ముక్క అర్థం కాకపోయినా, బాగుందని ఊరంతా చెప్పాను.

ఇంతలో ఢిల్లీ నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడని, పదిమంది లేకుంటే క్లాసు ఎత్తేస్తారని కబురొచ్చింది. పార్టీ కార్యకర్త జయచంద్ర ఆటోతో వాకిట్లో దిగాడు.

“అవ్వా, మనోళ్లను ఎక్కించు.”

“బిర్యానీ యాడ పెడతారప్పా?”

“క్లాసు అయినాంక.”

“అది చదువుకునే తావు అవ్వా, నువ్వు రావాకు,” అంది చౌడేశ్వరి.

“నీ సీటు కోసరమే కదమ్మీ!” అని ముందుగా ఎక్కాను. బిర్యానీ మాట ఇక్కడ వద్దు.

అధికారికి తెలుగు రాదు. లాటిన్ వచ్చో రాదో ఆయన చెప్పలేదు. ఏదైనా వల్లించమన్నాడని జయచంద్ర తర్జుమా చేశాడు. వానల కోసం కప్పలకు పెళ్లి చేసేటప్పుడు పాడే పాట ఎత్తుకున్నాను. ఆటోలో వచ్చిన ఆడవాళ్లంతా గొంతు కలిపారు. అధికారి కళ్లు మూసుకుని తల ఊపాడు.

తర్వాత చౌడేశ్వరి లేచి లాటిన్ పద్యం చదివింది. ఆయన మొహం చిట్లించాడు.

“ఏమంటాడప్పా?” అన్నాను.

“ఇంతమంది ఒక తీరుగా చెప్తాంటే, ఈ పాప ఒక్కటే తప్పు చెప్తాంది అంటాండాడు,” అన్నాడు జయచంద్ర.

“నాది తప్పు కాదన్నా! అవ్వా, నువ్వన్నా చెప్పు, మీరు పాడింది లాటిన్ కాదని!”

“చెప్పవ్వా, చెప్పు. క్లాసు ఈ పొద్దే మూస్తారు,” అన్నాడు జయచంద్ర.

నేను నోరు తెరిచాను. అంతలో అధికారి లేచి రెండు ముక్కలు మాట్లాడి ఆగాడు. పెద్దమనిషి మాట్లాడి ఆగితే ఏం చేయాలో నా చేతులకు తెలుసు. కొట్టేశాను. వెనక అందరూ కొట్టారు.

ఆటోలో వచ్చిన మా పేర్లే రిజిస్టరులో ఎక్కించి క్లాసు నిలబెట్టారు. ప్రమాణాలకు తగినట్టు లేదని చౌడేశ్వరిని తీసేశారు. ఇప్పుడు గుంతకల్లులో బట్టల అంగట్లో చీరలు మడతపెడుతోంది. నాతో మాట్లాడదు.

నేను రెండో సంవత్సరానికి పాసయ్యాను. ఈ ఏడు నాకు గ్రీకు.