తువ్వాలు కింద టైపు మాస్టారు

ఆ రోజు పొద్దున యలమందయ్య మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవగానే గదిలో తనతో ఉండే బాబ్జీని లేపాలి, అద్దెలో వాడి వాటా వసూలు చెయ్యాలి, ఇంటావిడ చేతిలో పెట్టాలి, రెండిడ్లీ తిని ఇన్‌స్టిట్యూట్‌కి పోవాలి. అంతే. తీరా దుప్పటి లాగి చూస్తే కింద బాబ్జీ లేడు. వాడి బదులు రెండు దిళ్లు పడుకుని ఉన్నాయి.

ఇది తొంభై తొమ్మిది నాటి మాట. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద ఒకే ఒక్క గది, ముందు రేకుల పంచ, మూలన కిరసనాయిలు స్టవ్వు. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్టుమెంటు లేచింది కానీ, ఆ గదిలో పట్టిన నిద్ర మాస్టారికి మళ్లీ ఎక్కడా పట్టలేదు. మార్చి వచ్చిందంటే చాలు, గాలి ఎటు తిరిగినా మిరప ఘాటే. తుమ్మితే శకునం చూసుకునే జనం కూడా ఆ నెలలో మాత్రం శకునాలకి సెలవిచ్చేవారు.

మాస్టారు ఆ వీధి చివర టైపు నేర్పేవాడు. అలవాటు ఎంత ముదిరిందంటే, కోపమొస్తే చాలు, ఆయన వేళ్లు దేని మీద ఉంటే దాని మీద టైపు మొదటి పాఠం, ఏ ఎస్ డీ ఎఫ్, కొట్టేసేవి. ఆ పొద్దున మెట్ల పిట్టగోడ మీద కొడుతుండగా ఇంటావిడ వెంకటరావమ్మ పైకొచ్చింది.

"ఏం బాబూ, మూడో నెల నడుస్తోంది. నీ సగం ఇచ్చి చేతులు దులుపుకుంటే కాదు. ఇవాళ పొద్దుగూకేలోపు మొత్తం కట్టారా, సరే. లేదంటే మీ పెట్టెలు కిందకి దించేస్తా. గది కోసం ఇద్దరు కుర్రాళ్లు రోజూ తిరుగుతున్నారు."

"పిన్నిగారూ, రేపు మా అమ్మ వస్తోందండీ. కంటి ఆపరేషను."

"మీ అమ్మగారొస్తే నెత్తిన పెట్టుకుంటా. అద్దె సంగతి చెప్పు."

మాస్టారి తల్లి సామ్రాజ్యం చీరాలలో మగ్గం నేసి నేసి కళ్లు పోగొట్టుకుంది. శుక్లాలు తీయించుకోమ్మా అంటే రెండేళ్లు మొండికేసింది. చివరికి ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకుంది: ఆసుపత్రిలో పడుకోను, నీ గదిలో అయితేనే వస్తా. ఇప్పుడు గది లేదంటే ఆవిడ మళ్లీ చచ్చినా రాదు. ఆ సంగతి కొడుక్కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

"మీవాడు తెల్లారకముందే గోడ దూకి పోయాడులే. వాళ్ల నాన్న యార్డుకి కాయలు తెచ్చాడంట" అంది వెంకటరావమ్మ.

మాస్టారు సైకిలెక్కాడు.

మిర్చి యార్డులో ఎటు చూసినా ఎర్రటి టిక్కీలే. టిక్కీ అంటే కాయలు తొక్కి నింపిన గోనె సంచి. వినుకొండ రోశయ్యగారి సరుకెక్కడుందని అడుక్కుంటూ, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లేసరికి, టిక్కీల ముందు ఒక బక్క రైతు దిగాలుగా కూర్చుని ఉన్నాడు. ఆయనే రోశయ్య, బాబ్జీ తండ్రి. పక్కన రైతుల తరఫున సరుకు అమ్మిపెట్టే కమిషన్ వ్యాపారి పానకాలరావు, భుజాన తువ్వాలుతో. టిక్కీల వెనక నుంచి బాబ్జీ తల ఒక్కసారి పైకి లేచి, మాస్టారిని చూసి, తాబేలు తలలా లోపలికి పోయింది.

"రండి రండి, కాయలు చూస్తారా?" అన్నాడు పానకాలరావు, ఇస్త్రీ చొక్కాని ఎగాదిగా చూస్తూ.

"కాయలు నాకెందుకండీ! డబ్బు సంగతి తేల్చండి. పొద్దుగూకేలోపు మొత్తం తేలిపోవాలి" అని మాస్టారు చెయ్యి చాచాడు.

ముప్పై ఏళ్ల సర్వీసులో పానకాలరావు అలాంటి కొనుగోలుదారుణ్ణి చూడలేదు. కాయ విరిచి చూడడు, గింజ కొరకడు, వస్తూనే డబ్బంటాడు. పెద్ద పార్టీ అయి ఉండాలి. చాచిన చేతిలో తన చెయ్యి పెట్టి, పైన తువ్వాలు కప్పేశాడు. ఆ రోజుల్లో అక్కడ బేరం నోటితో ఆడేవారు కాదు మరి. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు, ఎన్ని వేళ్లయితే అన్ని వందలు పెరిగినట్టు. పక్కవాడికి ధర తెలియకూడదని ఆ ఏర్పాటు. చీరాల మగ్గాల మధ్య పుట్టి టైపు మిషన్ల మధ్య పెరిగిన మనిషికి ఇది తెలిసే దారి లేదు.

మాస్టారు మురిసిపోయాడు. తండ్రి ఎదుట బాబ్జీ పరువు పోకుండా అద్దె డబ్బులు చాటుగా ఇస్తున్నాడనుకున్నాడు. పెద్దమనిషంటే ఇలా ఉండాలి అని మనసులో మెచ్చుకుని, నోట్ల కోసం తడిమాడు. ఒక వేలు దొరికింది.

"అబ్బే, ఇదేం బాగుంది?" అన్నాడు పానకాలరావు.

ఏ వేళ్ల మధ్య చుట్టి పెట్టాడో అని మాస్టారు ఇంకా లోపలికి తడిమాడు. రెండు, మూడు. నోట్లు లేవు.

"మొహమాటపడకండి, ఇంకొంచెం" అన్నాడు పానకాలరావు.

మాస్టారికి ఒళ్లు మండింది. ఒళ్లు మండగానే వేళ్లు వాటి పని అవి మొదలుపెట్టాయి. ఏ ఎస్ డీ ఎఫ్, మళ్లీ ఏ ఎస్ డీ ఎఫ్, పానకాలరావు వేళ్ల మీద టకటకా. ఎవరూ అడక్కుండానే తన ధర మీద తానే పెంచుకుంటూ పోయే మనిషిని చూసి పానకాలరావు మీసాలు వణికాయి. ఇంకా పెంచితే పాపమనిపించి, తువ్వాలు లాగేసి, రోశయ్య చెవిలో ధర ఊదాడు.

రోశయ్య లేచొచ్చి మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "బాబూ, నీ కడుపు చల్లగుండ! అప్పులన్నీ తీరతయ్యి!"

"అయ్యో, ఎంతమాట! నాకేం కోపం లేదండీ. అప్పు తీర్చి, ఇక మీదట నెల నెలా ముట్టచెబితే చాలు."

"నెల నెలా తెమ్మంటే యాడ పండిద్దయ్యా! కాపు ఏడాదికొకసారేగా!"

ఏడాదికొకసారి అద్దె కట్టే వంశమా ఇది అని మాస్టారు విస్తుపోతుండగా, హమాలీలు వచ్చి టిక్కీలకి కొక్కేలు వేశారు.

"లారీ యాడికి సారూ?"

"లారీ నాకెందుకయ్యా?"

"నలభై టిక్కీలు చంకలో పెట్టుకుపోతారా ఏంటి?" అని నవ్వాడు పానకాలరావు.

అప్పుడు వెలిగింది మాస్టారికి. అద్దె అడగడానికొచ్చి నలభై టిక్కీల మిరపకాయలు కొన్నాడు. జేబులో సైకిలు తాళం, బస్సు టికెట్టు ముక్క ఉన్నాయి. రేపు అమ్మ రైలు దిగి ఎక్కడికెళ్తుంది? తను జైల్లో ఉంటే కళ్లజోడు ఎవరు కొనిస్తారు? "నేను కాదు" అని అరవబోయాడు. హమాలీలు కదిపిన టిక్కీల దుమ్ము గొంతులోకి పోయి, మాటకి బదులు దగ్గు వచ్చింది. అది మామూలు దగ్గు కాదు.

ఈలోగా కబురు యార్డంతా పాకింది. ఎవరో కొత్త పార్టీ అట, కాయ చూడకుండా కొంటున్నాడట, విదేశాల ఆర్డరట. పొద్దున అవే కాయలకి పెదవి విరిచిపోయిన మొహిద్దీన్ బాషా పరుగున వచ్చాడు. యార్డులో సరుకు కొనేవాళ్లలో ఆయనది పెద్ద చెయ్యి.

"ఏ కంపెనీ సార్?"

మాస్టారు దగ్గుతూ తల అడ్డంగా ఊపాడు.

"చెప్పరు. సరే. మీరు కొన్న రేటుకే నాకు వదిలెయ్యండి."

దగ్గు, తల అడ్డంగా.

"ఇంకో వంద వేసుకోండి."

కళ్లలో నీళ్లు, దగ్గు, తల అడ్డంగా.

"ఏం గట్టి మనిషండీ బాబూ! ఇంకో యాభై. ఇదే ఆఖరు!"

సరిగ్గా అప్పుడు టిక్కీల వెనక నుంచి బాబ్జీ దూకాడు. "ఇచ్చేస్తున్నారండీ! మాస్టారు ఇచ్చేస్తున్నారు!" అని మాస్టారి చెయ్యి తీసి బాషా చేతిలో పెట్టాడు. ఇచ్చేయడం అనే మాట బాబ్జీ నోటివెంట రాగా మాస్టారు వినడం అదే మొదటిసారి.

సోడా తాగి గొంతు తెరుచుకున్నాక ఆయన చేసిన మొదటి పని నిజం చెప్పడం. పానకాలరావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మొహిద్దీన్ బాషా పొట్ట పట్టుకుని నవ్వాడు. "కాయలు మంచివేలెండి. పొద్దున నేనే తక్కువ చేశా. ఆడిన మాట ఆడినట్టే" అన్నాడు. ఆ తర్వాత వారం ధర ఇంకా పెరిగింది కాబట్టి ఆయనకీ నష్టం లేకపోయింది.

రోశయ్య మాత్రం కొడుకు వైపు తిరిగాడు. "ఏరా, అద్దెకని నెల నెలా మనియార్డరు చేస్తన్నా గదరా? ఆ డబ్బేం చేశావ్?"

బాబ్జీ కాలి బొటనవేలితో నేల గీశాడు. "కంప్యూటర్ కోర్సుకి కట్టా నాన్నా."

"ఆ ముక్క ఈయనకి చెబితే ఏం పోయింది?"

"టైపు మాస్టారికి కంప్యూటరని ఎట్టా చెప్పను? సగంమంది పిల్లలు ఇప్పటికే అటు పోయారు. గదిలో ఉండేవాణ్ని నేను కూడా పోయానంటే బాధపడతారని... అద్దె ఎగ్గొట్టాడని తిట్టుకున్నా ఫర్లేదనుకున్నా."

మాస్టారికి కోపం, జాలి, సిగ్గు మూడూ కలగలిసి వచ్చాయి. టైపు మిషన్ల మీద గుడ్డ కప్పేసే రోజు దగ్గర పడిందని ఆయనకీ తెలుసు. తెలిసీ ఎవరితోనూ అనలేదు. "ఒరేయ్ వెధవా, నాకూ నేర్పుదువుగానిలే" అన్నాడు. వేళ్లు మాత్రం కదలలేదు.

పొద్దుగూకేసరికి మాస్టారి ట్రంకుపెట్టె అప్పటికే సగం మెట్లు దిగి ఉంది. రోశయ్య బాకీ మొత్తం వెంకటరావమ్మ చేతిలో పోశాడు. ఆవిడ లెక్క చూసుకుని, పెట్టె పైకెక్కించి, "మిర్చి వ్యాపారం పెట్టావంటగా బాబూ, వచ్చే నెల నుంచి యాభై పెంచుతున్నా" అంది.

సామ్రాజ్యం వచ్చింది, ఆపరేషను అయింది. కంటికి కట్టుతో ఆవిడ ఆ గదిలో ఉన్న రోజులు తలుచుకుంటే మాస్టారికి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. బాబ్జీ ఆవిడకి వేళ తప్పకుండా చుక్కల మందు వేశాడు, వారపత్రికల సీరియళ్లు గొంతులు మార్చి మార్చి చదివి వినిపించాడు, మెట్లు చెయ్యి పట్టి దింపాడు. పంచలో వెన్నెల పడుతుంటే ముగ్గురూ పెరుగన్నం తింటూ ఎందుకో తెలియకుండా నవ్వుకునేవారు. అంత ఇరుకు గదిలో అంత చోటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకి అర్థం కాదు.

కట్టు విప్పిన రోజు సామ్రాజ్యం కళ్లు చికిలించి, ముందుగా బాబ్జీ మొహాన్నే తేరిపార చూసింది. వాడు అప్పటికి కొత్త నెల వాటా కూడా ఇవ్వకుండా ఎంతో వినయంగా నిలబడి ఉన్నాడు.

"ఎంత బుద్ధిమంతుడురా! మొహంలోనే కనపడతంది. ఇట్టాంటి బిడ్డని అద్దె అడగటానికి నీకు నోరెట్టా వచ్చిందిరా?" అంది కొడుకుతో.

ఆపరేషను బ్రహ్మాండంగా జరిగిందని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా, ఆ విషయంలో మాస్టారికి ఈనాటికీ చిన్న అనుమానం ఉండిపోయింది.