జోగారావుగారి డీజిల్ చుక్క

చమురు ఒలకకుండా ఆపడం ఎవరైనా చేస్తారు. ఆపుతాను మహాప్రభో, అనుమతించండి అని సర్కారుకు అర్జీ పెట్టుకోవడమే అసలైన పౌరధర్మం! పద్నాలుగు నెలలుగా ఆ ధర్మాన్ని ఆచరిస్తున్న జోగారావుగారిని చూసి మీరూ నేనూ సిగ్గుపడాలి.

అమీర్‌పేటలో ఆయనకో నాలుగంతస్తుల కాంప్లెక్స్ ఉంది. నిండా కోచింగ్ సెంటర్లే. సెల్లార్‌లో జనరేటర్, పక్కనే డీజిల్ ట్యాంకు. చమురు ఒలకనివ్వని ప్రణాళికకు ఆమోదం తెచ్చుకోకపోతే కాంప్లెక్స్‌కు తాళం వేస్తామని పంజగుట్టలోని సర్కారు ఆఫీసు నుంచి నోటీసొచ్చింది. ట్యాంకేమో జాయింటు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. దానికి ఏడడుగుల దూరంలో, బిల్డింగ్ ఊడ్చే బుచ్చమ్మ వంట చేసుకునే పొయ్యి.

దరఖాస్తు ఎంత కమ్మగా ఉందనుకున్నారు! సముద్ర తీరానికి దూరమెంత? ఆ తీరంలో తాబేళ్లెన్ని? కాకినాడ నుంచి వచ్చి ముప్పయ్యేళ్లయిన జోగారావుగారికి కళ్లు చెమర్చాయి. మెట్రో పిల్లర్ల కింద బతికేవాడికి సముద్రాన్ని గుర్తుచేసే ఆఫీసు ఇంకోటుందా?

మెకానిక్ సురేందర్ మాత్రం బొత్తిగా పౌరబాధ్యత లేని మనిషి. "వాషర్ మారిస్తే అయిపాయె సార్. పది నిమిషాల పని" అన్నాడు.

ఆ మాట జోగారావుగారి నోట వినగానే పంజగుట్ట ఆఫీసులో క్లర్కు రాజనర్సయ్య హడలిపోయాడు. "అట్ల జెయ్యకున్రి సార్! లీకైతున్నట్టు మీరే నక్షాల గీసిచ్చిన్రు. ఫైలు నడిచేటప్పుడు సైట్‌ల ఏం మారినా మళ్ల మొదటికెల్లి రావాలె."

అప్పటినుంచి జోగారావుగారు ఆ చుక్కను కంటికి రెప్పలా కాపాడారు. కింద పెట్టిన బకెట్టు కూడా తీయించారు. నక్షాలో బకెట్టు లేదు మరి!

సరిగ్గా ఇన్‌స్పెక్షన్ ముందురోజు బుచ్చమ్మ కొంప ముంచింది. పొయ్యి వెలిగించాలంటే భయమేసి, ఒంటి సబ్బు ముక్క తెచ్చి జాయింటుకు గట్టిగా రుద్దింది. చుక్క ఆగిపోయింది. మర్నాడు ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి వెతికి వెతికి, "లీకేజీ ఏదండీ? తప్పుడు సమాచారం ఇచ్చారా?" అని మండిపడ్డాడు. వారం గడువిచ్చి వెళ్లిపోయాడు.

జోగారావుగారు స్వయంగా కూర్చుని స్పూనుతో సబ్బు గీకారు. గడువు రోజున ఇన్‌స్పెక్టర్ కళ్లెదుటే చుక్క పడింది. ఆయన తృప్తిగా సంతకం చేశాడు. ఆమోదం! ఒకే ఒక్క షరతు: ఐదేళ్లపాటు నక్షాలో ఉన్నదేదీ మార్చరాదు.

ఆ కాగితానికి ఫ్రేము కట్టించి సెల్లార్‌లో మేకు కొడుతుంటే బుచ్చమ్మ వచ్చి నిలబడింది.

"ఐదేండ్లా సారూ? గా కాయితంల నా పొయ్యి సుత రాసిన్రా?"

ఆయన వెతికారు. సముద్రం ఉంది. తాబేళ్లూ ఉన్నాయి, సున్నా అని. పొయ్యి లేదు. ఇప్పుడు చేర్చుదామంటే మళ్లీ మొదటికొస్తుంది. జోగారావుగారికి తన మీద తనకే అసహ్యం వేసింది.

పాఠకులారా, అంత క్రమశిక్షణ గల మనిషి ఆ తర్వాత ఏం చేశాడో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. సురేందర్‌కు ఫోన్ చేసి, "వాషర్ పట్టుకుని వెనక గేటు నుంచి రావయ్యా, ఎవరికీ చెప్పకు" అన్నాడు. సర్కారు ముద్ర వేసి ఆమోదించిన చుక్కను ఆ దుర్మార్గుడు పది నిమిషాల్లో ఆపించేశాడు!